పాత చీరలతో వలస చరిత్ర చెప్పొచ్చా? సుచిత్రా మట్టాయ్ షో గురించి

తీరంగాలి:
వాషింగ్టన్‌లో ఉండే మా అక్క 2024 చివర్లో అక్కడి నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ద ఆర్ట్స్‌లో సుచిత్రా మట్టాయ్ అనే ఆర్టిస్ట్ షో చూసి ఫోటోలు పంపింది, అప్పట్నుంచీ అవే తిప్పి తిప్పి చూస్తున్నా. ఆవిడ పుట్టింది దక్షిణ అమెరికాలోని గయానాలో, పూర్వీకులు మన దేశం నుంచి చెరుకు తోటల పనికి ఓడెక్కినోళ్లు. కట్టి కట్టి మెత్తబడిన చీరల్ని జడల్లా అల్లి గోడంత పెద్దవి చేశారు, పాత యూరప్ కుట్టుపని పటాల మీద మళ్లీ దారంతో కుట్టి అందులో దొరసానుల చోట మన రంగు ఆడవాళ్లని కూర్చోబెట్టారు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. నాన్నగారు మాత్రం "చీరలు వేలాడదీస్తే చరిత్ర ఎలా అవుతుందమ్మా" అన్నారు, నేను సరిగ్గా చెప్పలేకపోయా. ఇందులో తెలుగోళ్ల సంగతి కూడా ఏమన్నా ఉందా?

పాతకాగితం:
నాన్నగారు అడిగింది న్యాయమే అండి. 1834లో బ్రిటిష్ కాలనీల్లో బానిసత్వం ఎత్తేశాక తోటల యజమానులకి మనుషులు కావాల్సొచ్చి ఐదేళ్ల అగ్రిమెంట్ మీద మనవాళ్లని ఎక్కించుకుపోయారు, గయానాకి మొదటి ఓడలు 1838లో వెళ్లాయి. వాళ్ల గురించి మిగిలిన కాగితాలు దాదాపు అన్నీ ఆఫీసులు రాసుకున్నవే. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి వెళ్లిన ఓడల లిస్టులు చూడండి, నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తు, అంతే. ఆ మనిషి మూటలో ఏం కట్టుకుంది, బిడ్డని ఏం పాడి నిద్రపుచ్చింది అన్నది ఏ గడిలోనూ ఉండదు. ఆ చీరలు ఆనాటి కూలీలవి కాకపోయినా నిజంగా ఆడవాళ్లు కట్టి, ఉతికి, చేతులు మారినవి, దొర పెన్ను అంటనిది అదొక్కటే. నా లెక్కలో అది సాక్ష్యమే.

మారిషస్‌కోడలు:
తెలుగోళ్లు లేకపోవడమేంటండీ! గయానాకి ఎక్కువగా బీహార్, యూపీ వాళ్లు వెళ్లారు గానీ మారిషస్‌కి కోరంగి, విశాఖ వైపు నుంచి మనోళ్లు బోలెడుమంది వచ్చారు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది, 2006లో యునెస్కో గుర్తించింది, ఓడ దిగినోళ్లు ఎక్కిన 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడే మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల ఫోటోలున్నాయి, ఆఫీసోళ్లు గుర్తింపు కోసం తీసినవి, ఆ కళ్లు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఇక్కడ తెలుగు మాట్లాడ్డం చాలా ఇళ్లలో పోయింది, అయినా దీపం చుట్టూ తిరుగుతూ రాత్రి పొద్దుపోయేదాకా రామభజనం చేస్తారు, అమ్మోరి పండగ చేస్తారు, ఉగాదికి దేశమంతా సెలవు. మ్యూజియంలో పెట్టాల్సింది నన్నడిగితే ఆ భజన.

గంజాంబండి:
షో మంచిదే, కానీ అమెరికా మ్యూజియంలో రంగుల అందమే ముందు కనిపించి తోటల్లో పడ్డ దెబ్బలు వెనక్కి పోతాయేమో అని నా బెంగ. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ నాటాల్ రేవు డర్బన్‌కి వెళ్లింది, 1911లో ఆపేసేదాకా లక్షా యాభై వేలకి పైగా మనుషులు నాటాల్ చేరారు. ఆ లిస్టుల్లో విశాఖ జిల్లా ఊళ్ల పేర్లున్నాయి. ఇలాంటి ఎగ్జిబిషన్ ఆ ఊళ్ల పేర్లు గోడ మీద రాసి విశాఖలోనే పెట్టాలి, అక్కడివాళ్లు చదువుకోవాలి.

తీరంగాలి:
అందరికీ థాంక్స్ అండి, ఆ కూలీల ఫోటోల గురించి నాన్నగారికి చదివి వినిపించా. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల వాళ్లెవరైనా ఉంటే, ఇంట్లో డర్బన్ నుంచో మారిషస్ నుంచో రంగూన్ నుంచో వచ్చిన పాత ఉత్తరాలు, మనియార్డరు రసీదులు ఉన్నాయేమో ఒకసారి పెట్టెల్లో చూసి ఇక్కడ చెప్పండి.