సొంతంగా రొయ్యల చెరువులు చేసేవారు ఆరోగ్యాన్ని ఎలా చూసుకుంటున్నారు?

పెద్దలకు నమస్కారం. మా అన్నయ్య కావలి దగ్గర చెరువులు కౌలుకు తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతున్నాడు. నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది కనుక, ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగితే గంటల్లోనే పంటంతా పోయే ప్రమాదం ఉంది. ఆ భయంతో రాత్రిళ్లు గట్టు మీదే మేలుకుని, పగలంతా మేత, మందులు, బేరాల పనిలో గడుపుతున్నాడు. బీపీ ఎక్కువగా ఉందని తెలిసినా, రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దామంటూ ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తున్నాడు. బీపీ ఏ నొప్పీ తెలియనీయకుండానే గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుందని నాకు చాలా దిగులుగా ఉంది.

ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్న ఉద్యోగికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అందుతుంది. సొంత పని చేసుకునేవారికి ఆ ఆసరా లేదు. చికిత్స ఖర్చుకు రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. నిజానికి అన్నయ్య భయం ఖర్చు గురించి కాదు, చెరువు వదిలి రావడం గురించే.

ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం వైపు చెరువులు చేస్తున్నవారు రాత్రి కాపలాను వంతులవారీగా ఎలా పంచుకుంటున్నారో, కరెంటు పోతే ఫోనుకు హెచ్చరిక పంపే పరికరాలను నమ్మి నిద్రపోవచ్చో లేదో, ఆసుపత్రిలో ఉన్న రోజులకు నగదు ఇచ్చే బీమా తీసుకున్నవారికి డబ్బు సక్రమంగా అందిందో లేదో దయచేసి వివరంగా తెలియజేయండి.