ఫోటో మీద పెయింటింగ్ వేస్తే ఫిల్టర్ కొట్టినట్టే వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

అనంత_కెమెరా:
అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర పల్లె. ఫోటోలు నాలుగేళ్లుగా తీస్తున్నా, డిజిటల్ పెయింటింగ్ మాత్రం ఆర్నెల్ల నుంచే. మా జేజి అరుగు మీద కూచొని చెనిక్కాయలు వలుస్తుంటే పొద్దున ఏడింటి ఎండలో ఒక ఫోటో తీశా. బాగానే వచ్చింది, కానీ ఆ పూట నేను చూసింది అందులో లేదు. తాత పోయి అప్పటికి నెల కూడా కాలేదు, చేతులు వాటంతట అవి వలుస్తూనే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంది. అది బొమ్మలో రావాలని ఫోటోని క్రితా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పైన ఇంకో లేయర్ (అద్దం లాంటి ఖాళీ పొర) పెట్టి, కింద ఉన్న రంగునే పిక్ చేసుకుంటూ అంగుళం అంగుళం దిద్దుకుంటూ పోయా. మూడు రాత్రులు పట్టింది. చూపిస్తే అందరూ "ఏ యాప్‌లో చేశావు?" అంటున్నారు! ముఖం మైనం పూసినట్టు నున్నగా అయిపోయింది, ముడతలన్నీ మాయం. నాది స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్, దాని వల్లనా? ఇంకోటి, ఒక ఫ్రెండ్ "ఇది ట్రేసింగే కదా, ఆర్ట్ ఎట్లా అవుతుంది" అన్నాడు, అప్పటి నుంచి చేయి ఆడటం లేదు.

నాపబండ_కడప:
టాబ్లెట్‌ని ఏమీ అనకండి, నేను ఇప్పటికీ అలాంటి దాంట్లోనే వేస్తున్నా. తప్పు ఆ రంగు పిక్ చేయడంలో ఉంది. ఫోటోలో ఉన్న రంగునే తీసి మళ్లీ అక్కడే పూస్తే వచ్చేది అదే ఫోటో, కాకపోతే వివరం పోయిన ఫోటో. దానికి తోడు రంగుల్ని పులిమి కలిపే స్మడ్జ్ బ్రష్ కూడా గట్టిగా వాడి ఉంటారు, మైనం ముఖం దాని పనే.

నేనైతే ముందు ఫోటోని నలుపు తెలుపు చేసి, పోస్టరైజ్ ఫిల్టర్‌తో, అంటే ఛాయల్ని తగ్గించే ఫిల్టర్‌తో, నాలుగు ఛాయలకే దించి చూస్తా. వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది అప్పుడు తేలుతుంది. ఆ తర్వాత ఫోటోని పక్క విండోలో పెట్టేసి, ఖాళీ లేయర్ మీద పెద్ద బ్రష్‌తో, జూమ్ చేయకుండా వేస్తా. రంగు మీ కన్ను చెప్పింది వేయండి. ఏడింటి ఎండ అంటున్నారు కదా, ఎండ పడిన వైపు పసుపు, నీడలోకి ఆకాశం నుంచి కొంచెం నీలం దిగుతుంది, ముందర ఎర్రమట్టి వాకిలి ఉంటే గడ్డం కింద ఆ ఎరుపు తిరిగి కొడుతుంది. వెలుగు రంగును కెమెరా తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఇవన్నీ చదును చేసి ఉంటుంది. క్రితాలో కీబోర్డు మీద ఎమ్ కొడితే బొమ్మ అద్దంలో లాగా తిరుగుతుంది, అరగంటకోసారి కొట్టి చూడండి, వంకరలు వెంటనే దొరుకుతాయి.

ఇంకా ముఖ్యమైనది, అన్ని చోట్లా ఒకేలా పెయింట్ చేయొద్దు. చేతుల దగ్గర ఫోటో అలాగే కనిపించనివ్వండి, గోడ దగ్గరికి వచ్చేసరికి బ్రష్ గీతలు తప్ప ఇంకేం లేకుండా చేయండి. మీరు చూసింది చేతులూ చూపూ అయితే గోడకున్న కరెంటు మీటరు ఎవరికి కావాలి?

పాత_స్టూడియో:
ట్రేసింగ్ అన్న ఆ ఫ్రెండ్ గురించి చెప్తా. మా మామ కర్నూలులో ఒక స్టూడియోలో పని చేసేవాడు, రంగు ఫిల్మ్ ఖరీదుగా ఉన్న రోజుల్లో. నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలు కప్పడం, నలుపు తెలుపు ప్రింటు మీద పుల్లకు దూది చుట్టి రంగులు అద్దడం ఆయన పని. చీరకు అంచు, బుగ్గకు ఎరుపు, నగలకు పసుపు. ఇది ఆయన కనిపెట్టిందీ కాదు, మన దేశంలో 19వ శతాబ్దం స్టూడియోల్లోనే ఫోటో మీద రంగులు వేసేవాళ్లు, కొన్నింటిలో కింద ఫోటో ఉందని కూడా తెలియనంతగా. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ అయితే 1858లోనే అయిదు నెగటివ్‌లు కలిపి ఒకే ఫోటో చేశాడు. మీరు వాడేది లేయర్లు, వాళ్లు వాడింది గాజు పలకలు, అంతే తేడా.

పోయినవాళ్ల ఫోటోలు కూడా వచ్చేవి, గుంపు ఫోటోలో నుంచి తల ఒక్కటి తీసి కొత్త పట్టుచీర వేసి ఇవ్వమనేవాళ్లు. మామ చీర ఎంతైనా మార్చేవాడు గానీ కళ్ల జోలికి పోయేవాడు కాదు. "కన్ను మారిస్తే వాళ్లింట్లో ఎవరూ గుర్తుపట్టరు రా" అనేవాడు. తమ్ముడూ, మీ జేజి ముఖం మీద మూడు రాత్రులు రుద్దావు చూడు, అక్కడే పోయింది.

తోలుబొమ్మ:
నాపబండ గారూ, మీరు చెప్పింది నూనె రంగుల దారి, మంచిదే, కానీ అదొక్కటే దారి కాదు. అనంతపురం వాడికి లేపాక్షి పక్కనే కదా, హిందూపురం నుంచి 15 కిలోమీటర్లు. వీరభద్రాలయం మండపం కప్పు మీద 16వ శతాబ్దం బొమ్మలు మెడ నొప్పి పుట్టేదాకా చూసి రమ్మనండి. నీడ లేదు, లోతు లేదు, ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, అయినా కన్ను ఇంత పెద్దది. గీత ఒక్కటే పని చేస్తుంది. మన జిల్లాల వైపే ఉన్న నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మలైతే ఇంకా ఘోరం, వెనక నుంచి దీపం పడితేనే రంగు బతుకుతుంది. ఫోటో మీద ముందు ఆరేడు గీతలే గీసి, ఫోటో లేయర్ ఆపేసి చూడండి. ఆ గీతల్లో మీ జేజి కనిపించకపోతే రంగులు ఎన్ని పూసినా దండగ.

ఊరిలో సున్నం పెచ్చులు లేచిన గోడలు ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటోని పై లేయర్‌గా పెట్టి, కింది రంగుతో మెత్తగా కలిపే సాఫ్ట్ లైట్ మోడ్‌లో, 20 శాతం మాత్రమే కనిపించేలా పరిస్తే ప్లాస్టిక్ మెరుపు చస్తుంది. నెట్‌లో దొరికే రెడీమేడ్ టెక్స్చర్లు వద్దు, అందరి బొమ్మల్లో అదే గోడ.

నాపబండ_కడప:
గీతతో మొదలుపెట్టినా నాకేం అభ్యంతరం లేదు గానీ, వెలుగు తెలియకుండా గీత ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? సరే, ఇది మనిద్దరి గొడవ, ఆయన్ని వదిలేద్దాం.

అనంత_కెమెరా:
పది రోజులు పట్టింది, సారీ. రెండు దారులూ చూశా. గీతల దగ్గర రెండు సార్లు ఓడిపోయి, చివరికి గోడంతా ముదురు ఇటుక రంగులో ముంచేసి, ముఖంలో ఎండ పడని సగాన్ని దాంట్లోకే కలిపేశా. చేతులు, చెనిక్కాయలు ఫోటోవే. కళ్లు ముట్టుకోలేదు. ఈసారి ఏ యాప్ అని ఎవరూ అడగలేదు, మా చిన్నాయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

జేజికి చూపించా. బొమ్మను చాలాసేపు చూసి, "చాట అలకకుండా ఉంది, ఎవరిది ఇది?" అంది. చాట ఒక్కటే నేను ఫోటో చూడకుండా వేసింది! దాన్ని సరిచేసి 12 బై 18 అంగుళాల ప్రింటు తీయిద్దామనుకుంటున్నా, ఫైల్ సైజు ఎంత పెట్టాలి?

పాత_స్టూడియో:
300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600 బై 5400 పిక్సెల్స్. మెరిసే పేపర్ వద్దు, మ్యాట్ తీసుకో, కానీ మ్యాట్‌లో ముదురు రంగులు మూసుకుపోతాయి కాబట్టి ఆ ఇటుక రంగు కాస్త లేత చేసి ముందు చిన్న ముక్క ప్రింటు వేయించి చూడు. చాట మాత్రం జేజిని పక్కన కూచోబెట్టుకుని అలుకు.