న్యూఫౌండ్‌లాండ్ మంచుకొండల నిఘా: శాటిలైట్ ఒక్కటే సరిపోతుందా, విమానం ఉండాల్సిందేనా?

సి_బ్యాండ్:
టైటానిక్ మునిగాక 1914లో అంతర్జాతీయ ఐస్ పెట్రోల్ మొదలైంది, అంటే కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర మంచుకొండలు కనిపెట్టి ఓడలను హెచ్చరించే నిఘా. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆ పనికి విమానాలు వచ్చాయి. ఇప్పుడు మనకు యూరప్ రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 ఉంది, 2019లో ఎగిరిన కెనడా రాడార్‌శాట్ కాన్‌స్టెలేషన్ మూడు శాటిలైట్లూ ఉన్నాయి. రాడార్‌కు మబ్బు, చీకటి లెక్కలేదు. న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న లోతు తక్కువ సముద్రం గ్రాండ్ బ్యాంక్స్ మీద వసంతమంతా పొగమంచే, విమానంలోంచి కంటికి కనిపించేది తక్కువ. విమానాలు ఆపేసి ఆ ఖర్చు చిత్రాలు విశ్లేషించేవాళ్ళ మీద పెట్టాలంటాను.

ఓడసరంగు:
ముందు కొలతలు చూడండి. గ్రౌలర్ అంటే నీటిపైన మీటరు లోపు ఎత్తు, 5 మీటర్ల లోపు పొడవు ఉండే మంచు ముక్క. దానికంటే పెద్ద ముక్క బెర్గీ బిట్, 5 నుంచి 15 మీటర్లు. చిన్న మంచుకొండ 15 నుంచి 60. సెంటినెల్ వెడల్పాటి మోడ్‌లో 400 కిలోమీటర్ల పట్టీ వస్తుంది సరే, పిక్సెల్ 40 మీటర్లు. గ్రౌలర్ ఎక్కడ పడుతుంది? అందులో ఎనిమిదింట ఏడు వంతులు నీళ్ళకిందే ఉంటుంది, బరువు వంద టన్నులు దాటొచ్చు. ఓడ ముందుభాగం చీలడానికి అది చాలు.

సి_బ్యాండ్:
ఆ మోడ్ ఒక్కటే ఉన్నట్టు మాట్లాడకండి. 250 కిలోమీటర్ల మోడ్‌లో పిక్సెల్ 10 మీటర్లకు వస్తుంది. పైగా వస్తువు పిక్సెల్ కంటే చిన్నదైనా చుట్టూ నీరు నల్లగా ఉంటే చుక్కగా మెరుస్తుంది. చుట్టుపక్కల నీటి సగటు తీసి, దానికంటే బాగా ఎక్కువ మెరిసినదాన్నే పట్టుకునేలా గీటు పెడతాం.

ఓడసరంగు:
"నీరు నల్లగా ఉంటే" అన్నారు కదా, అసలు సమస్య అక్కడే. గాలి పెరిగితే సముద్రమే మెరుస్తుంది. మీ గీటు పెంచితే చిన్నవి పోతాయి, తగ్గిస్తే ప్రతి అలా మంచుకొండే.

సి_బ్యాండ్:
అందుకే రాడార్ తరంగాన్ని అడ్డంగా పంపి నిలువుగా అందుకునే హెచ్‌వి ఛానెల్ కూడా చూస్తాం. అందులో గాలి ప్రభావం తక్కువ.

ఓడసరంగు:
మంచుకొండ సిగ్నల్ కూడా అందులో బలహీనమే, చిన్నవైతే చిత్రంలో ఎప్పుడూ ఉండే మినుకుల్లో కలిసిపోతాయి. ఇది మీకు తెలుసు, చెప్పడం లేదు.

బంకర్_బిల్లు:
మధ్యలో ఒక మాట. మంచుకొండలు ఇక్కడిదాకా ఉండొచ్చని చార్టులో గీసే హద్దు గీతకు దక్షిణంగా చుట్టు తిరిగి వెళ్ళినందుకు అదనపు ఇంధనం బిల్లు మా మీద పడేశారు. ఆ గీత లోపల నిజంగా కొండ ఉందా అని అడిగితే జవాబు చెప్పే దిక్కులేదు. ముందు అది తేల్చండి.

సి_బ్యాండ్:
బంకర్_బిల్లు గారూ, గీత అంటే ఇవాళ చూసిన కొండల జాబితా కాదు. ఆఖరుసారి చూసిన చోటు నుంచి గాలి, ప్రవాహం లెక్కతో కదిలిస్తారు, అలల కోతతో ఎంత కరిగిందో లెక్కిస్తారు. లెక్కలో కరిగిపోయాక కూడా కొంత గడువు ఉంచి తీసేస్తారు. ఖాళీ నీరు గీత లోపల ఉండటం మామూలే.

నైన్_తీరం:
మీ ఇద్దరూ బహిరంగ సముద్రం గురించే కొట్టుకుంటున్నారు. కెనడా తీరంలోని లాబ్రడార్‌లో నైన్ ఊరి దగ్గర గడ్డకట్టిన సముద్రం మీద స్నోమొబైల్‌తో వెళ్ళే ఇన్యూట్ మూలవాసులకు కావలసింది మంచు మందం. శాటిలైట్ అది నేరుగా ఇవ్వదు, విమానం నుంచి చూసినా తెలియదు. స్మార్ట్‌ఐస్ అనే సంస్థ వాళ్ళు స్లెడ్జి మీద విద్యుదయస్కాంత పరికరం లాగించి కింద ఉప్పునీటి దూరం కొలుస్తారు. మంచు, పైన హిమం కలిపి మందం వస్తుంది.

ఓడసరంగు:
అది వేరే చర్చ అండీ. ఇక్కడ కొండల సంగతి.

బాలానగర్:
2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నాసా-ఇస్రో శాటిలైట్ నైసార్‌ను మర్చిపోయారా? ఎల్-బ్యాండ్, ఎస్-బ్యాండ్ రాడార్లు రెండూ ఉన్నాయి.

సి_బ్యాండ్:
మంచిదే. కానీ అదే దారికి 12 రోజులకు వస్తుంది. ప్రవాహం సెకనుకు అర మీటరు ఉంటే మంచుకొండ ఒక్క రోజులో 43 కిలోమీటర్లు పోతుంది. మూడో సాక్ష్యంగా వాడొచ్చు, రోజువారీ కాపలాకు చాలదు.

ఓడసరంగు:
ఆ 43 కిలోమీటర్లే నా వాదన! మీ చిత్రానికి, చార్టుకు మధ్య ఎన్ని గంటలు? పైగా చేపల పడవల మాటేమిటి? తన పేరు, చోటు రేడియోలో చెప్పే ఏఐఎస్ పరికరం లేని పడవ మీ చిత్రంలో మంచుకొండే. ఏఐఎస్ ఉన్నా, రాడార్ వైపు 10 నాట్ల వేగంతో కదిలే ఓడ చిత్రంలో అర కిలోమీటరు పక్కకు జరిగి కనిపిస్తుంది. విమానం ఒక చుట్టు తిరిగి కిందికి దిగి తేల్చేస్తుంది.

సి_బ్యాండ్:
పొగమంచులో దిగి ఏం తేలుస్తుంది? విమానంలో ఉన్నదీ రాడారే కదా! ఆ పక్కకు జరగడం సరిదిద్దే లెక్క ఎప్పటినుంచో ఉంది. మీరు ప్రతిసారీ అతి చెడ్డ రోజునే తెస్తారు.

ఓడసరంగు:
ఓడలు గుద్దుకునేది చెడ్డ రోజునే!

గోదారిగట్టు:
ఏటికేడు లెక్కలు చూడండి. 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి దక్షిణానికి వచ్చిన మంచుకొండలు 1984లో 2,202. 2006లో సున్నా. 2019లో 1,515, 2021లో ఒక్కటి. ఒక్కటి వచ్చే ఏడాదికీ వెయ్యిన్నర వచ్చే ఏడాదికీ ఒకే ఏర్పాటు ఎందుకు?

ఓడసరంగు:
1983లో విమానాలకు పక్కచూపు రాడార్ వచ్చింది, 1984 లెక్క అంత పెరగడంలో దాని వంతూ ఉంది. లెక్కలను అలా పక్కపక్కన పెట్టకూడదు.

సి_బ్యాండ్:
చూసే పరికరం మారితే లెక్క మారుతుందని మీరే ఒప్పుకున్నారు. ఇక 2017 మార్చిలో సీరోజ్ సంగతి చెప్పండి. ఆ చమురు నౌకకు దగ్గరగా మంచుకొండ వచ్చింది. అది ముందే తెలుసు, జాడ పడుతూనే ఉంది. తప్పు కనిపెట్టడంలో కాదు, నౌకను సముద్రం అడుగు బావుల గొట్టాల నుంచి విడదీసి పక్కకు పోకపోవడంలో. 2018 జనవరిలో నియంత్రణ బోర్డు ఉత్పత్తి ఆపించింది. పది విమానాలున్నా ఆ నిర్ణయం మారేదా?

ఓడసరంగు:
మారేది కాదు. అయితే ఆ కథ మీ వాదనకే అడ్డం. అక్కడి చమురు వేదిక హిబర్నియా పది లక్షల టన్నుల కొండ తగిలినా నిలిచేలా కట్టిన కాంక్రీటు దిమ్మ. చమురు నౌకల చుట్టూ సహాయక ఓడలు, తాడేసి కొండను లాగే సిబ్బంది ఉంటారు. వాళ్ళకు మీ చార్టు అక్కర్లేదు, సొంత రాడార్లున్నాయి. సముద్రం దాటిపోయే పెద్ద ఓడకు గీత చాలు, దక్షిణంగా పోతుంది. ఈ రెండింటికీ మధ్యన గీత లోపలే పనిచేసే చేపల పడవలూ తీరపు సరుకు ఓడలూ ఎవరి లెక్కలో ఉన్నాయి?

సి_బ్యాండ్:
ఇప్పుడు అసలు విషయానికొచ్చారు. ఐస్ పెట్రోల్ పుట్టింది సముద్రం దాటే ఓడల కోసం. గీత లోపల ప్రతి ముక్కనూ చూపిస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. మీరు అడుగుతున్నది వేరే సేవ.

ఓడసరంగు:
ఔను, వేరే సేవే. ఆ మాట చార్టు మీద రాయండి. ప్రతి గుర్తు పక్కన ఎన్ని గంటల కిందట చూసినది, దేనితో చూసినది, ఒక్క ఛానెల్‌లోనా రెండింటిలోనా అని ఉండాలి.

సి_బ్యాండ్:
గంటల గుర్తుకు ఒప్పుకుంటాను. విమానానికి కాదు.

గోదారిగట్టు:
ఏప్రిల్, మే నెలలకు మాత్రం విమానం ఉంచితే?

ఓడసరంగు:
ఫిబ్రవరి నుంచి కావాలి. అప్పుడు కొండలు సముద్రపు మంచులో ఇరుక్కుని ఉంటాయి, చుట్టూ గట్లు కట్టిన మంచు కూడా తెల్లగానే మెరుస్తుంది. శాటిలైట్ తేలిగ్గా తికమకపడేది ఆ నెలల్లోనే.

సి_బ్యాండ్:
ఆ నెలల్లో మీ చేపల పడవలు ఎన్ని బయట ఉంటాయి?