చైనా విద్యార్థులకు ఇన్‌హెరిటెన్స్, లెగసీ, హెరిటేజ్ తేడా ఎలా చెప్పాలి?

ప్రశ్న (నల్లబల్ల):
ఆన్‌లైన్‌లో చైనా ఉద్యోగస్తులకు ఇంగ్లీషు చెబుతున్నాను. వ్యాసాల్లో ఈ మాటల దగ్గరే అందరూ తడబడుతున్నారు. ‘చైనా హ్యాజ్ మెనీ వరల్డ్ లెగసీస్’, ‘మై ఫాదర్ ఇన్‌హెరిటెడ్ మీ హిజ్ హౌస్’, ‘వి మస్ట్ ఇన్‌హెరిట్ అవర్ ట్రెడిషన్స్’ అని రాస్తున్నారు. డిక్షనరీ అర్థాలు చూపిస్తే గందరగోళం ఇంకా పెరుగుతోంది. ఏ వరసలో చెబితే తలకెక్కుతుంది?

జవాబు (పదకోశం):
వాళ్లు ‘యీచాన్’ అనే ఒక్క మాటను పట్టుకుని రాస్తున్నారు, తప్పంతా అక్కడే. తాత వదిలివెళ్లిన ఇల్లూ యీచానే, చైనా మహాకుడ్యమూ యీచానే. మన ‘వారసత్వం’ కూడా అలా రెండు చోట్లా సరిపోతుంది కాబట్టి తెలుగువాళ్లకు ఆ తప్పు వెంటనే కంటికి ఆనదు.

అర్థాలు పక్కనపెట్టి ముందు ఒక లెక్క వేయించండి. ఒకాయన పోయేనాటికి ఆస్తి 30 లక్షల యువాన్లు, అప్పు 6 లక్షలు. భార్య, తల్లిదండ్రులు ముందే పోయారు. వీలునామాలో ఊరి బడికి 3 లక్షలు, మిగతాది ముగ్గురు పిల్లలకు సమానంగా రాశాడు. ఆయన వదిలివెళ్లిన మొత్తం ఎస్టేట్. బడికి వెళ్లిన 3 లక్షలు లెగసీ, లేదా బిక్వెస్ట్. అప్పు, లెగసీ పోగా మిగిలిన 21 లక్షల్లో తలా 7 లక్షలు ఒక్కొక్కరి ఇన్‌హెరిటెన్స్. అంటే ఒకే డబ్బు పోయినవాడి వైపు నుంచి చూస్తే ఎస్టేట్, అందుకున్నవాడి వైపు నుంచి చూస్తే ఇన్‌హెరిటెన్స్. దీన్ని బోర్డు మీద గీసి చూపిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక క్రియ. ఇన్‌హెరిట్‌కు కర్త ఎప్పుడూ అందుకున్నవాడే. చైనీస్‌లో ‘జీచెంగ్’ కూడా అంతే, అక్కడ చిక్కు లేదు. కానీ వాళ్లకు ‘చువాన్ గేయ్’ అని ఇంకో మాట ఉంది, ఫలానావారికి అందించడం అని. దాని చోట ఇన్‌హెరిట్ పెట్టేసరికి ‘ఇన్‌హెరిటెడ్ మీ’ వస్తోంది. ఇచ్చినవాడు కర్త అయితే ‘లెఫ్ట్ మీ ద హౌస్’. బతికుండగానే ఇచ్చేస్తే ‘గేవ్ మీ’ లేదా ‘పాస్డ్ ఇట్ ఆన్ టు మీ’. ఆస్తి విషయంలో ఇన్‌హెరిట్ అన్నారంటే ఇచ్చినవాడు పోయాడనే వినేవాడు అనుకుంటాడు. తండ్రి బతికుండగా ఆ మాట వాడితే అవతలివాళ్లు సంతాపం చెబుతారు! ఒంటి తీరుకు మాత్రం ఆ పట్టింపు లేదు: ‘షి ఇన్‌హెరిటెడ్ హర్ మదర్స్ ఐస్’ అంటే తల్లి నిక్షేపంగా ఉండొచ్చు. పాత మేనేజరు వదిలేసిన తలనొప్పులను కూడా కొత్త మేనేజరు ఇన్‌హెరిట్ చేస్తాడు.

లెగసీకి రెండో అర్థం, తర్వాత మిగిలిన ప్రభావం. అది మంచే కానక్కర్లేదు, యుద్ధానికీ లెగసీ ఉంటుంది. చైనీస్‌లో చెడు ప్రభావానికి యీచాన్ వాడటం అరుదు, ‘యీలియు వెన్‌థీ’ అంటారు, అంటే పాతకాలం నుంచి మిగిలిపోయిన సమస్య. పాత సాఫ్ట్‌వేర్‌ను కూడా ‘యీలియు’ అనే పిలుస్తారు. ఐటీవాళ్లుంటే ‘లెగసీ సిస్టమ్’తో మొదలుపెట్టండి, చప్పున అందుకుంటారు.

జవాబు (వీలునామా):
పై లెక్క బాగుంది. చట్టం వైపు నుంచి ఒక్కటి కలుపుతాను, పెద్దవాళ్ల క్లాసులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

చైనా సివిల్ కోడ్ 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో మొదటి వరస వారసులు భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. రెండో వరస తోబుట్టువులు, తండ్రి వైపు తాత, మామ్మ, తల్లి వైపు తాత, అమ్మమ్మ. ఈ జాబితాలో ఉన్నవాళ్లకు వీలునామా రాస్తే జీచెంగ్ కిందికే వస్తుంది. జాబితాలో లేనివాళ్లకు రాస్తేనే ‘యీజెంగ్’. యీజెంగ్ పొందినవారు ఆ సంగతి తెలిసిన 60 రోజుల్లో ఒప్పుకోవాలి, నోరు మెదపకపోతే వదులుకున్నట్టు. వారసుడు మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టు.

ఇంగ్లీషు లెగసీకి ఆ గీత లేదు. సొంత కూతురికి వీలునామాలో లక్ష రాసినా అది లెగసీయే. అందుకని ‘యీజెంగ్ అంటే లెగసీ’ అని రాయించకండి.

పన్నుల మాటలు కూడా తికమకపెడతాయి. పోయినవారి ఆస్తి మీద చైనాలో పన్నే లేదు, మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. అమెరికా ఫెడరల్ పన్ను ఎస్టేట్ టాక్స్. బ్రిటన్‌లో మొత్తం ఎస్టేట్ మీదే వేసినా పేరు మాత్రం ఇన్‌హెరిటెన్స్ టాక్స్. పేరు చూసి లెక్క వేస్తే తప్పుతుంది.

జవాబు (రాతిబొమ్మ):
హెరిటేజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఒక జాతికో ఊరికో ఉమ్మడిగా దక్కేది, ఎవరూ పోనక్కర్లేదు. మామూలు వాడుకలో బహువచనం ఉండదు. ‘వరల్డ్ హెరిటేజెస్’ అని రాస్తే కొట్టేసి ‘వరల్డ్ హెరిటేజ్ సైట్స్’ అని దిద్దండి. క్లాసులో మాట్లాడించడానికి మంచి ఉదాహరణ: మన రామప్ప గుడి, వాళ్ల చువాన్‌జౌ రేవు పట్టణం రెండూ 2021 జూలై 25నే యునెస్కో జాబితాకు ఎక్కాయి. వాటిని జాబితాలో చేర్చిన యునెస్కో సమావేశానికి ఆతిథ్యమిచ్చింది చైనాలోని ఫూజౌ.

ఇంకో మొండి తప్పు ‘ఇన్‌హెరిటర్’. చేతికళలు, నాటక కళలు నిలబెట్టేవాళ్లను చైనాలో ‘చువాన్‌చెంగ్ రెన్’ అంటారు, అక్కడి ఇంగ్లీషు బోర్డుల మీద అంతటా ‘ఇన్‌హెరిటర్’ అనే కనిపిస్తుంది. బయటివాళ్లకు అది ఆస్తి కొట్టేసినవాడిలా వినిపిస్తుంది. యునెస్కో పత్రాల్లో వాడేది ‘బేరర్’, ‘ప్రాక్టీషనర్’. అలాగే సంప్రదాయాన్ని ‘ఇన్‌హెరిట్’ చేయాలని పిలుపునివ్వరు, ‘క్యారీ ఆన్’, ‘కీప్ అలైవ్’ అంటారు. మీ మూడో వాక్యానికి జవాబు ఇదే.

నల్లబల్ల:
చాలా థాంక్సండీ. వారసుడు అనే ఇంగ్లీషు మాటను ‘హెయిర్’ అని పలుకుతున్నారు, అది సరేనా?

పదకోశం:
కాదండీ, అలా పలికితే తలవెంట్రుక అవుతుంది. వారసుడు అనే మాటలో హెచ్ పలకదు, ‘ఎయర్’ అనాలి. అందుకే ముందు ‘యాన్’ వస్తుంది, ‘యాన్ ఎయర్’. తరతరాల నగకు ‘ఎయర్‌లూమ్’ అన్నా అంతే, అది వాళ్ల ‘చువాన్‌జ్యాబావ్’. ఇన్‌హెరిట్, హెరిటేజ్‌లో మాత్రం హెచ్ గట్టిగా వినపడాలి. ‘ది ఎయర్ ఇన్‌హెరిటెడ్ యాన్ ఎయర్‌లూమ్’ అనే వాక్యాన్ని నెమ్మదిగా పలికించండి. ‘యాన్’ దగ్గర ఆగకుండా ఎయర్‌లోకి కలిపేస్తే చాలు, హెచ్ జొరబడదు.