జర్మనీలో మొదటి ఏడాది: మనవాళ్ళ ఫ్లాట్‌లో ఉండాలా, హాస్టల్‌లో వేరేవాళ్ళతో ఉండాలా?

పలాస కుర్రాడు:
అందరికీ నమస్కారం. రాజాంలో బీటెక్ అయింది. అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి జర్మనీలో మాస్టర్స్ సీటొచ్చింది. కోర్సంతా ఇంగ్లిష్‌లోనే. ఇప్పుడు ఇంట్లో గొడవంతా అక్కడ ఎక్కడుండాలనే దాని మీదే. మా సీనియర్లు ఆరుగురు ఒక ఫ్లాట్‌లో ఉంటున్నారు. "వచ్చేయ్, ఇంకో పరుపు వేస్తాం" అంటున్నారు. ఇంకో సీనియర్ అక్క మాత్రం స్టూడెంట్ హాస్టల్‌కే అప్లై చెయ్యమంటోంది. అక్కడ ఫ్లోర్‌కి ఒక్కటే వంటగది, అన్ని దేశాల వాళ్ళూ ఉంటారట. 2018 తిత్లీ తుపానుకి పోయిన జీడితోటలో నాన్న మళ్ళీ మొక్కలు వేశారు. ఇప్పుడు ఆ భూమి పెట్టే నాకు లోన్ తీశారు. "మనోళ్ళ మధ్య ఉంటే నాకు నిద్ర పడుతుందిరా" అంటున్నారు. మీరేమంటారు?

టెక్కలి అన్న:
తమ్ముడూ, ఆలోచించకుండా మనవాళ్ళ దగ్గరికే వెళ్ళు. దిగిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి. దాని వెనకే బ్యాంకు, ఇన్సూరెన్స్, వీసా పొడిగింపు. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన పనులే. ఆదివారం స్టేషన్‌లో కొట్ల లాంటివి తప్ప దాదాపు షాపులన్నీ మూత. శనివారం రాత్రి దిగినవాడికి మరుసటి రోజు బియ్యం ఎవరిస్తారు? నవంబరు చివరికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో ఒక్కడివే గదిలో కూర్చుంటే చదువు మీద మనసు నిలవదు. మన జిల్లావాళ్ళు రంగూన్ వెళ్ళిన కాలం నుంచీ ఊరివాడి పక్కనే ఊరివాడు మకాం పెట్టాడు. జ్వరమొస్తే గంజి కాచి పోసేది వాళ్ళే.

బొబ్బిలి అమ్మాయి:
అన్నయ్యా, రంగూన్ మాట నిజమే. కానీ అప్పుడు వెళ్ళినవాళ్ళు మిల్లుల్లో, రేవులో గుంపుగా పని చేశారు. పనిలో పెట్టిన మేస్త్రీ కూడా మనవాడే. ఇప్పుడు మనం వెళ్ళేది ఒక్కొక్కరమే ఇంటర్వ్యూలో కూర్చోవడానికి. అక్కడ పక్కన ఎవరూ ఉండరు.

నేను మొదటి నుంచీ హాస్టల్‌లోనే ఉన్నాను. నాతో ఆ వంటగది వాడుకునేవాళ్ళలో ఒక వియత్నాం అమ్మాయి, ఒక ఇరాన్ అబ్బాయి, ఇద్దరు జర్మన్లు. వెళ్ళిన కొత్తలో ఓ రాత్రి పప్పుకి పోపు వేశాను. ఎండుమిర్చి ఘాటుకి, పొగకి అలారం మోగిపోయింది. జర్మన్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి కిటికీ తెరిచి, కుర్చీ ఎక్కి అలారం ఆపాడు. తర్వాత మూతలు, గరిటెలు, పొగగొట్టం ఒక్కొక్కటీ చూపిస్తూ పేర్లు చెప్పాడు. ఫ్రిజ్ మీద వారం వారం ఎవరు ఊడవాలో, ఎవరు చెత్త పడేయాలో రాసిన కాగితం ఉండేది. నా వంతు తప్పితే అడిగేవాళ్ళు, వాళ్ళది తప్పితే నేనడగాలి. నాకు జర్మన్ అబ్బింది ఆ అడగడంలోనే, క్లాసులో కాదు.

కోర్సు ఇంగ్లిష్‌లో ఉంది కదా, జర్మన్ ఎందుకు అనుకుంటారు మనవాళ్ళు. చిక్కంతా అక్కడే. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. కానీ భాష రాకపోతే దొరికేవి ఎక్కువగా గోడౌన్‌లో పెట్టెలు మోసే పనులే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. రాత్రీ పగలూ తెలుగులోనే గడిపి, అప్పుడు భాష మొదలుపెడితే ఆ గడువు ఎందుకు సరిపోతుంది? తమ్ముడూ, మీ నాన్నగారి భూమి బ్యాంకులో ఉంది. ఆ అప్పు తీరేది నీ ఉద్యోగంతోనే కదా.

విజయనగరం నుంచి ఒక తల్లి:
మా బాబు కూడా అక్కడే చదువుతున్నాడు, మనవాళ్ళతోనే ఉంటున్నాడు. చలికాలంలో మనకీ వాళ్ళకీ నాలుగున్నర గంటల తేడా. వాడు రాత్రి అన్నానికి కూర్చునేసరికి ఇక్కడ నేను నిద్రకి ఆగలేను. "తిన్నానమ్మా" అని మెసేజ్ పెడతాడు. నిజంగా తిన్నాడో లేదో పక్క గది కుర్రాడిని అడిగితేనే తెలుస్తుంది. పైడితల్లమ్మ సిరిమాను తిరిగిన మంగళవారం వీడియో కాల్ చేస్తే, ఒక్క ఫోన్ చుట్టూ అందరూ చేరి దండాలు పెట్టారు. భాష ముఖ్యమే తల్లీ, కాదనను. కానీ వాడు డీలా పడ్డ రోజున తెలుగులో "ఏమైందిరా" అని అడిగే మనిషి పక్కనుండాలి. ఫోన్‌లో ఆ పని నా వల్ల కావడం లేదు.

చీపురుపల్లి ఉద్యోగి:
బాబూ, "ఇంకో పరుపు వేస్తాం" అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగు. ఆ ఫ్లాట్ అగ్రిమెంట్‌లో ఎంతమంది పేర్లున్నాయో ముందు కనుక్కో. ఇంకొకరిని పెట్టుకోవాలంటే ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి. నువ్వక్కడ ఉంటున్నావని ఆయన తరఫున సంతకం పెట్టిన కాగితం లేకుండా అడ్రస్ రిజిస్టర్ కాదు. అది కాకపోతే రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకి సాగదు. అద్దె మాత్రం తీసుకుని ఆ కాగితం దగ్గర ముఖం చాటేసేవాళ్ళు మనవాళ్ళలోనూ ఉన్నారు. మొహమాటపడకుండా అడుగు.

టెక్కలి అన్న:
కాగితం సంగతి అక్షరాలా నిజం, ముందు అదే తేల్చుకోవాలి. హాస్టల్ గురించి నా మాట మాత్రం మారదు. ఆ వంటగదిలో అందరికీ అంత మంచివాళ్ళే దొరకరు చెల్లీ. నాలుగు నెలలున్నా పక్క గది వాడి పేరు తెలియని హాస్టళ్ళు నేను చూశాను. నీలా ఎదురెళ్ళి అడిగే పిల్లకి కుదిరింది. బిడియస్తుడైతే తలుపేసుకుని కూర్చుంటాడు.

బొబ్బిలి అమ్మాయి:
బిడియస్తుడు ఫ్లాట్‌లో ఉంటే మాత్రం జర్మన్ ఎవరితో మాట్లాడతాడు అన్నయ్యా? అమ్మా, మీరన్న మనిషి కావాలి, ఒప్పుకుంటాను. ఆ మనిషి ట్రామ్‌లో రెండు స్టాపుల అవతల ఉన్నా చాలు. శనివారాలు నేను మనవాళ్ళ ఇంటికెళ్ళి చారన్నం తిని వచ్చేదాన్ని.

పలాస కుర్రాడు:
సీనియర్లని అడిగాను. అగ్రిమెంట్‌లో ముగ్గురి పేర్లే ఉన్నాయట, ఓనర్‌ని అడగడం కుదరదన్నారు. ఈ రాత్రే హాస్టల్‌కి అప్లై చేశాను. వెయిటింగ్ లిస్ట్ పెద్దదే చూపిస్తోంది. నాన్న ఇంకా ఒప్పుకోలేదు. విజయనగరం అమ్మగారూ, మీ బాబు ఉండేది ఏ ఊరో చెబితే నాన్నకి చెప్పుకుంటాను. టెక్కలి అన్నా, గది వచ్చేదాకా ఓనర్ కాగితం ఇచ్చే తాత్కాలిక గదులు మీకేమైనా తెలుసా?