రెండు దీవుల ప్లవర్లు: ఒకే మందు పనిచేస్తుందా?

ప్రశ్న (విజయవాడ): ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద ప్లవర్లను (నీటి ఒడ్డున తిరిగే చిన్న పక్షులు) చూశాక వీటి మీద పిచ్చి పట్టింది. దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవి ప్లవర్, న్యూజిలాండ్ షోర్ ప్లవర్ రెండూ దీవుల పక్షులే కదా, రక్షణ పద్ధతులు అంత వేరుగా ఎందుకున్నాయి?

జవాబు (గుంటూరు, రిటైర్డ్ జువాలజీ లెక్చరర్): బాబూ, ప్లవర్ అంటే తీరపక్షి అన్న మాట నమ్మకు. సెయింట్ హెలెనాది పచ్చిక బయళ్ల పక్షి. పశువులు మేసి గడ్డి పొట్టిగా ఉంటేనే దానికి సుఖం. పిల్లులను అదుపు చేశారు. 2016లో అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న పక్షుల జాబితా నుంచి ముప్పు తక్కువున్న జాబితాకు మారింది. న్యూజిలాండ్‌ది అచ్చమైన తీరవాసి. ప్రధాన భూభాగంలో అంతరించి, చాథమ్ దీవుల్లోని రంగతీరాలో మిగిలింది. పెంచి ఎలుకల్లేని దీవుల్లో వదులుతున్నారు. అలా వదిలిన మానా దీవిలోకి ఒక్క ఎలుక చొరబడితే మంద కుప్పకూలింది!

మరొకరు: అయితే సెయింట్ హెలెనా పక్షిలా మనుషుల మధ్య బతికేదే నయం మాస్టారూ.

లెక్చరర్: నయమే, పిల్లిని పెంచుకోనంతవరకు.