ఆఫ్‌లైన్‌లో ఇద్దరు ఒకే లాటు దిద్దితే ఎవరి రాత నిలవాలి?

మిర్చి_దేవ్:
గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి స్టాక్ యాప్ చేస్తున్నాను. ఛాంబర్ గోడలకి దట్టంగా ఇన్సులేషన్ ఉంటుంది, లోపల సిగ్నల్ అసలు రాదు. గుమాస్తాలు లోపల ఫోన్‌లో రాసుకుంటారు, బయటికి రాగానే సింక్ అవుతుంది. డేటాబేస్‌లు ఫోన్‌లో ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్. మొన్న 200 టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్న లాటుని ఇద్దరు దిద్దారు. ఒకాయన 40 బయటికి పంపి మిగిలినవి 160 అని రాశాడు. ఇంకొకాయన 25 పంపి 175 అని రాశాడు. సర్వర్‌లో 175 నిలిచింది. లోపల నిజంగా ఉన్నవి 135. ఇలాంటప్పుడు చివర రాసినవాళ్లదే ఉంచాలా, రెండూ దాచి మనిషిని అడగాలా?

సర్వర్_స్వామి:
చివర రాసినదే నిలవాలి. ఇందులో చర్చ ఏముంది? ప్రతి రికార్డుకీ టైమ్ వేయండి, కొత్తది పాతదాని మీద పడుతుంది. విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూటర్లకి ఏళ్లుగా ఇదే నడుపుతున్నాం. ఒక్క కస్టమర్ కూడా వచ్చి అడిగింది లేదు.

కృష్ణలంక_కోడర్:
పోయిందని తెలిస్తే కదా అడగడానికి, స్వామి గారూ. ఇంతకీ ఏ గడియారం ప్రకారం "చివర"? ఫోన్‌దంటారా, ఎవరో తేదీ మార్చిన ఫోన్ ఒక్కటి చాలు. వచ్చే ఏడాది తేదీతో ఒక ఎంట్రీ పడితే ఆ తర్వాత ఆ లాటు మీద ఎవరు ఏం రాసినా పాతదని సర్వర్ పక్కన పడేస్తుంది. సర్వర్‌కి చేరిన టైమ్ అంటారా, అది ఇంకా అన్యాయం. పొద్దున రాసి ఫోన్ జేబులో పెట్టుకుని సాయంత్రం సింక్ చేసినవాడు, మధ్యాహ్నం సరిగ్గా రాసినవాణ్ణి కొట్టేస్తాడు.

సర్వర్_స్వామి:
ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేయిస్తే సరిపోతుంది. నెట్‌వర్క్ నుంచి ఫోనే తీసుకుంటుంది.

కృష్ణలంక_కోడర్:
లోపల నెట్‌వర్కే లేదని పైన రాశారు కదండీ.

సర్వర్_స్వామి:
లోపలికి వెళ్లేముందు ఉంటుంది కదా. గంటలో గడియారం ఎంత తప్పుతుంది? సెకను కూడా తప్పదు.

పటమట_పిల్లోడు:
వైఫై పెట్టించొచ్చుగా బ్రో, ఇంత గోల ఎందుకు

మిర్చి_దేవ్:
అడిగాను బ్రో. ఆ చలికీ తేమకీ తట్టుకునేవి ఛాంబర్‌కొకటి కొనాలి. ఓనర్ ఒప్పుకోవట్లేదు.

కృష్ణలంక_కోడర్:
స్వామి గారూ, సెకను దగ్గర ఆగిపోకండి. గడియారాలు అచ్చంగా కలిసినా మీ పద్ధతి తప్పే. ఇద్దరూ 200 చూసి మొదలుపెట్టారు, ఎవరి రాత ఎవరికీ తెలియదు. 175 రాసినాయన 160 చూసి, అది తప్పని దిద్దాడా? లేదు కదా. ఒకరి కబురు ఇంకొకరికి చేరనప్పుడు ఆ రెండు పనుల్లో ఏది ముందో తేల్చలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాశాడు. కౌచ్‌డీబీ అనే డేటాబేస్ ఇలాంటి గొడవ తేల్చేటప్పుడు గడియారం జోలికే పోదు. సవరణల చరిత్ర ఎక్కువ పొడవున్నది గెలుస్తుంది, సమానమైతే సవరణ గుర్తుల్ని పోల్చి ఒకటి ఎంచుకుంటుంది. అందువల్ల ప్రతి కాపీలోనూ ఒకటే గెలుస్తుంది. ఓడినది కూడా లోపలే ఉంటుంది, అడిగితే ఇస్తుంది.

సర్వర్_స్వామి:
అడిగితే ఇస్తుంది సరే, అడిగేదెవరు? యాప్ పట్టించుకోకపోతే అక్కడా గెలిచిందే కనిపిస్తుంది. ఇక తేడా ఏముంది? సాయంత్రం గేటు దగ్గర లారీ హారన్ కొడుతుంటే మీ గుమాస్తా "ఏది ఉంచమంటారు" అన్న స్క్రీన్ చదువుతూ కూర్చుంటాడా? పైనున్న బటన్ నొక్కేసి పోతాడు.

బ్రాడీపేట_డీబీఏ:
ఆ బటన్ మాట మాత్రం నిజం. కానీ "మిగిలినవి" అన్న గడిని ఫోన్‌లో దిద్దనివ్వడమే అసలు తప్పు, మీ ఇద్దరి గొడవా అక్కడినుంచే వస్తోంది. గుమాస్తా చేసిన పని 40 టిక్కీలు పంపడం. అదే రాయనివ్వండి: లాటు నంబరు, మైనస్ 40, పేరు, గేట్ పాస్. రెండో ఆయనది మైనస్ 25. ఏది ముందు చేరినా సర్వర్‌లో కూడితే 135 వస్తుంది. ప్రతి ఎంట్రీకీ ఫోన్‌లోనే యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తు నంబరు) వేయండి, సిగ్నల్ తెగి రెండుసార్లు పంపినా సర్వర్ రెండోదాన్ని వదిలేస్తుంది. ఇక పొరపాటు పడితే చెరపడం ఉండదు, ఎదురు ఎంట్రీ వేయాలి.

సర్వర్_స్వామి:
చెరపడం లేకపోతే ఎలాగండీ? ఓనర్‌కి దిద్దే హక్కు ఉండాలి.

కృష్ణలంక_కోడర్:
దిద్దుకోమనండి, ఎవరు వద్దన్నారు? ఎదురు ఎంట్రీ ఆయన పేరుతో పడుతుంది.

సర్వర్_స్వామి:
ప్రతి చిన్నదానికీ ఓనర్ పేరు పడాలా? మీరెప్పుడైనా వ్యాపారం చేశారా?

కృష్ణలంక_కోడర్:
చేయలేదు. మా బాబాయ్ ఒక గోడౌన్‌లో గుమాస్తాగా చేశాడు. సరుకు తక్కువొచ్చిందని పిలిచి "కంప్యూటర్‌లో ఇలా ఉంది" అన్నారు. ఆయన రాసిన అంకె వేరు, దాని మీద ఇంకెవరో రాశారు. చూపిద్దామంటే పాతది లేదు. జీతంలో కోసుకున్నారు. దిద్దింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. మీకు అది సింక్ రూల్ కావచ్చు, మా ఇంట్లో ఆ ఏడాది పిల్లల ఫీజులు ఆగాయి.

సర్వర్_స్వామి:
మీ బాబాయ్ గారి జీతానికీ నాకూ ఏంటండీ సంబంధం? టెక్నికల్ ప్రశ్నకి ఇంటి గొడవలు తేవద్దు.

గొల్లపూడి_గెస్ట్:
పునుగుల ప్లేటు తెచ్చుకుని కూర్చున్నా, కానివ్వండి

సర్వర్_స్వామి:
సరే, సూటిగానే చెప్తాను. డబ్బులిచ్చేది గుమాస్తా కాదు. ఓనర్లు రాత్రి కూర్చుని లెక్క సర్దుకుంటారు, అది అందరికీ తెలిసిందే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో జాబితా మొత్తం భాగస్తుల ముందు బయటపడే సాఫ్ట్‌వేర్ ఇస్తే నాకు రెండో ఆర్డర్ రాదు. మీరు జీతాల మీద బతుకుతూ నీతులు చెప్తారు, నేను బజారులో అమ్ముకోవాలి.

బ్రాడీపేట_డీబీఏ:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే గడియారాల మీద ఇంత టైమ్ పోయేది కాదు. అయితే ఒకటి. కోల్డ్ స్టోరేజీ బాండు పెట్టి రైతు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. ఆ లాటు లెక్క రాత్రికి రాత్రి మారి, మార్చినవాళ్ల జాడ కూడా లేకపోతే రేపు ఇరుక్కునేది రైతు. సాఫ్ట్‌వేర్ రాసిన మిమ్మల్ని కూడా పిలుస్తారు.

మిర్చి_దేవ్:
మా దగ్గర ఆ ఇబ్బంది లేదండి. ఓనర్లు ముగ్గురు అన్నదమ్ములు, ఒకరినొకరు నమ్మరు. చరిత్ర మొత్తం కనపడాలని వాళ్లే అడుగుతున్నారు. నా అనుమానం వేరే. లాటులో 50 ఉన్నప్పుడు ఇద్దరూ ఆఫ్‌లైన్‌లో చెరో 40కి ఎంట్రీ వేస్తే కూడిక మైనస్ 30 వస్తుంది కదా?

బ్రాడీపేట_డీబీఏ:
వస్తుంది. తక్కువపడ్డవి పక్క లాటు నుంచి లాగేస్తారు, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. సీఆర్‌డీటీలు (విడివిడిగా దిద్దిన కాపీలు వాటంతటవే కలిసేలా చేసిన డేటా రకాలు) వాడినా ఇంతే. అన్ని కాపీల్లో ఒకే అంకె వచ్చేలా చూస్తాయి, ఆ అంకె సున్నా కిందికి పోకుండా మామూలు కౌంటర్ ఆపలేదు. ముందుగానే ఈ ఫోన్‌కి 25, ఆ ఫోన్‌కి 25 అని వాటాలు పంచాలి. లేదా ఎక్కడో ఒకచోట సర్వర్‌ని అడిగి తీరాలి. గేటు దగ్గర సిగ్నల్ ఉందా?

మిర్చి_దేవ్:
ఉంది, బాగానే వస్తుంది.

కృష్ణలంక_కోడర్:
అయితే గేట్ పాస్ సర్వర్ ఒప్పుకున్నాకే ఇవ్వండి. 1990లలో జెరాక్స్ పార్క్ అనే పరిశోధనా కేంద్రంలో చేసిన బేయూ అనే డేటాబేస్‌లో ఇదే పద్ధతి. విడిగా ఉన్న పరికరంలో రాసింది తాత్కాలికం, ప్రధాన సర్వర్ వరుస తేల్చాక ఖాయం. ఫోన్‌లో ఆ రెండింటినీ వేర్వేరు రంగుల్లో చూపించండి. అప్పుడు గుమాస్తా తేలని అంకెని నమ్మి ఎవరికీ మాట ఇవ్వడు.

సర్వర్_స్వామి:
సర్వర్ పడిపోతే లారీలు గేటు దగ్గరే ఆగిపోవాలా?

మిర్చి_దేవ్:
కాగితం పాస్ ఇచ్చి పంపేస్తారండి, ఇప్పుడు జరిగేదీ అదే. తర్వాత ఎక్కించేటప్పుడు పాస్ నంబరు తప్పనిసరి చేస్తాను. పంపిన టైమ్, ఎక్కించిన టైమ్ రెండూ దాస్తాను, లెక్క మాత్రం రెండిట్లో దేని మీదా ఆధారపడదు.

సర్వర్_స్వామి:
ఇంతకీ ఆ అన్నదమ్ములకి ఎంత కోట్ చేశారు?